ఫించ్‌లకు కొర్ర మొలకలు: ఏళ్లుగా పెడుతున్నాక నా మాట

పంజరంలో పెంచే చిన్న గింజలపిట్టలైన ఫించ్‌లకు పెట్టిన మేతల్లో నాకు బాగా నచ్చింది ఒక్కటే: పొట్టు తీయని కొర్రల మొలకలు. కొట్లో అమ్మే రంగురంగుల ఫించ్ మిక్స్ (కలిపిన గింజల మేత) ప్యాకెట్లంటే మాత్రం నాకు కోపం. 'విటమిన్లు కలిపినది' అని ప్యాకెట్ మీద రాస్తారు. పూత పూసేది గింజ పైపొట్టుకి. ఫించ్ ప్రతి గింజనీ ముక్కుతో తిప్పి, పొట్టు ఒలిచి పారేసి, లోపలి పప్పే మింగుతుంది. డబ్బు పెట్టి కొన్న విటమిన్ ట్రేలోకి పోతుంది. మొలకలో పోషకం గింజ లోపలే పెరుగుతుంది, కాబట్టి వృథా కాదు.

జంటకి ఒక టీస్పూను గింజలు చాలు. రాత్రి నానబెట్టి, పొద్దున టీ వడపోతలో పోసి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. పల్చటి గుడ్డ కప్పి, ఆరేడు గంటలకోసారి మళ్లీ కడిగి ఒంపాలి. తెల్లటి మొన కనబడగానే పెట్టేయాలి, తోక సాగేదాకా ఆగక్కర్లేదు. తడి ఆర్చి పెట్టి, మూడు గంటల్లో మిగిలింది తీసేయాలి.

పిల్లలున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఈకలు రాని పిల్ల మెడ పక్కన మేతసంచి చర్మం ఎంత పల్చనంటే, లోపల గింజలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. మెత్తబడ్డ మొలకల్ని తల్లిదండ్రులు తేలిగ్గా నోటికందిస్తాయి. తోడుగా చిదిమిన ఉడకబెట్టిన గుడ్డు అర టీస్పూను ఉండాలి.

చెడగొట్టేది గింజే. ఒకసారి తెచ్చిన సంచిలో సగం మొలకెత్తలేదు. సాయంత్రానికి వడపోతలో జిగురు, పుల్లటి వాసన. పాత సరుకో, మిల్లులో దెబ్బతిన్నదో అయితే మొలక రాని గింజ కుళ్లి, పక్కవాటినీ పాడుచేస్తుంది. అందుకే కొత్త సంచి రాగానే 50 గింజలు తడిగుడ్డలో కట్టి చూస్తాను. 40 మొలవకపోతే ఆ సరుకు మొలకలకి పనికిరాదు. 2023 చిరుధాన్యాల సంవత్సరం తర్వాత ఊళ్లలో కొర్రలు బాగానే దొరుకుతున్నాయి గానీ, కొర్రల పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం కొర్ర బియ్యమే. వాటికి పొట్టు లేదు, మొలకా రాదు. పొట్టున్న గింజ పసుపుగా, నున్నగా మెరుస్తుంది. విత్తనాల కొట్లో దొరికే గులాబీ రంగు పూసిన విత్తనం మాత్రం ఎప్పుడూ తేవద్దు, అది తెగులు మందు.

రోజూ పెట్టాలనిపిస్తుంది గానీ, పెట్టకూడదు. మొలకలూ గుడ్డూ ఎడతెగకుండా అందితే జీబ్రా ఫించ్ అనే రకంలో ఆడది వరసగా గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఒంట్లో కాల్షియం ఖాళీ అయి, గుడ్డు లోపలే అడ్డంపడి చచ్చిపోవచ్చు. పిల్లలు లేనప్పుడు వారానికి రెండు రోజులు చాలు. మొలకల్లో కాల్షియం దాదాపు లేనట్టే కాబట్టి, కటిల్ బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి సున్నపు పెంకు) గానీ ఉడికించి ఎండబెట్టి పొడిచేసిన గుడ్డుపెంకు గానీ పంజరంలో ఎప్పుడూ ఉండాలి. వానాకాలంలో ముసురు పట్టిన రోజుల్లో నేను మొలకలు మానేస్తాను, ఒక్కపూటలో బూజు పడుతుంది.

నాకున్నవి రెండు జంటలే, పగలు ఇంట్లో మనుషులుంటారు కాబట్టి ఇదంతా కుదురుతోంది. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేవాళ్లు మొలకల జోలికి వెళ్లకుండా పొడి కొర్రలు రెండు పాళ్లు, సామలు ఒక పాలు కలిపి పెట్టి, కాస్త కొత్తిమీర వేలాడదీస్తే మేలు. గిన్నె నిండుగా కనిపించినా పైన ఉండేది ఒట్టి పొట్టే కావచ్చు, రోజూ ఊది చూడండి.