మా ఆశా అక్క సేవ: అయిదుకి అయిదు

మనవరాలు పుట్టిన మూడో రోజే మా గుమ్మంలోకి వచ్చింది ఆశా కార్యకర్త. తర్వాత 7, 14, 21, 28, 42 రోజులకు, ఒక్కటీ తప్పలేదు. రాగానే సబ్బుతో చేతులు కడుక్కుని, పాపను గుడ్డ ఊయలలో వేసి త్రాసుకు తగిలించేది. మొదటిసారి బరువు తగ్గిందని నాకు ఒకటే టెన్షన్. "మొదటి వారంలో మామూలే పిన్నీ" అంటూ మా అమ్మాయి పక్కన కూర్చుని, పాలు పట్టే తీరు ఓపిగ్గా సరిచేసింది. రెండో వారానికి బరువు పెరిగింది.

2005లో మొదలైన ఈ ఆశా పథకంలో సుమారు వెయ్యి మంది జనాభాకు ఒకరు చొప్పున దేశమంతా దాదాపు 10 లక్షల మంది ఉన్నారు, అందరూ ఆడవాళ్లే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీళ్లను సత్కరించింది. అయినా లెక్కల్లో వీళ్లు ఉద్యోగులు కారు, వాలంటీర్లే! ఇది నాకు చాలా బాధగా ఉంది.

టీకాల రోజు మాత్రం ఆరోగ్య ఉపకేంద్రంలో రెండు గంటలు నిలబడ్డాం. ఉన్నది ఒక్క ఏఎన్ఎం (టీకాలు వేసే నర్సు). మైదాన ప్రాంతంలో ఉపకేంద్రానికి 5 వేల జనాభా, ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఆ ఎండలో పాపను ఎత్తుకుని నీడకు తీసుకెళ్లింది కూడా మా ఆశా అక్కే.