కమోడోర్ 64కి "ఆర్ఎస్-232 కేబుల్" కొంటున్నారా? జాగ్రత్త, లోపల ఉత్త వైర్లే

కమోడోర్ 64 అనే పాత హోమ్ కంప్యూటర్‌కి మోడెమ్ తగిలించి టెర్మినల్ సాఫ్ట్‌వేర్ (మోడెమ్ ద్వారా వేరే కంప్యూటర్‌తో మాట్లాడే ప్రోగ్రామ్) నడుపుదామనుకునే వాళ్ళు, ఆన్‌లైన్‌లో "ప్లగ్ అండ్ ప్లే, 9600 స్పీడ్" (సెకనుకి 9600 బిట్లు) అని పెట్టి అమ్ముతున్న ఆర్ఎస్-232 (బిట్లని ఒక్కొక్కటిగా వరసగా పంపే సీరియల్ కనెక్షన్) కేబుల్ తీసుకునే ముందు దయచేసి ఇది చదవండి. నాకు పంపిన దానికి ఒక పక్క 24 పిన్నుల ఎడ్జ్ కనెక్టర్, ఇంకో పక్క 25 పిన్నుల ప్లగ్గు. టెస్ట్ చేసే పంపాం అని సెల్లర్ రాసిచ్చాడు కూడా. మోడెమ్‌కి కలిపి మిషన్ ఆన్ చేస్తే నీలం స్క్రీన్ మామూలుగానే వచ్చింది, రెడీ అని పడింది, తీరా టెర్మినల్ ప్రోగ్రామ్ లోడ్ చేద్దామంటే అప్పటిదాకా బ్రహ్మాండంగా పనిచేసిన ఫ్లాపీ డ్రైవ్ పలకట్లేదు, డివైస్ నాట్ ప్రెజెంట్ అంటోంది.

ప్లగ్గు మూత విప్పి చూస్తే మూడు వైర్లు నేరుగా ఇటునుంచి అటు సోల్డర్ చేసి ఉన్నాయి, ఒక్క చిప్ లేదు, ఒక్క కెపాసిటర్ లేదు.

ఇక్కడే ఉంది అసలు ప్రమాదం. 1982 నాటి ఈ మిషన్ యూజర్ పోర్ట్ (ఈ కేబుల్ గుచ్చే చోటు) మీద సిగ్నల్ 0 నుంచి 5 వోల్టులే. బయటి ఆర్ఎస్-232 మోడెమ్ మాత్రం ప్లస్ మైనస్ 12 దగ్గర తిరుగుతుంది, పైగా డేటా ఏమీ రాకపోయినా దాని లైన్ ఊరికే మైనస్‌లో కూర్చుని ఉంటుంది, అంటే మీరు ఒక్క అక్షరం కొట్టకముందే ఆ మైనస్ వోల్టేజ్ వెళ్ళి లోపలున్న రెండో 6526 చిప్‌ని (పోర్టుల్ని నడిపే చిప్) కొడుతుంది. డ్రైవ్ లైన్లు కూడా ఆ చిప్ మీదుగానే వెళ్తాయి, అందుకే మోడెమ్ కలిపితే డ్రైవ్ పోయింది. అసలు 6526 చిప్ ఇప్పుడు ఎవరూ కొత్తగా చేయట్లేదు, పాతదో దాని బదులు పనిచేసేదో వెతుక్కోవాలి. కమోడోర్ వాళ్ళ 1660 లాంటి సొంత మోడెమ్‌లు నేరుగా ఆ పోర్టుకే గుచ్చేలా చేసినవి, వాటికి ఈ గొడవ లేదు. మామూలు మోడెమ్‌కైతే మధ్యలో మ్యాక్స్232 లాంటి లెవెల్ కన్వర్టర్ (రెండు పక్కల వోల్టేజ్‌లకీ పొత్తు కుదిర్చే చిప్) ఉండి తీరాలి.

ఇంకో ఘోరం, ఆ ఎడ్జ్ కనెక్టర్‌కి తిరగేసి పెట్టకుండా ఆపే కీ ముక్కలు కూడా లేవు. డేటా లోపలికొచ్చే బీ, సీ పిన్నులు కేబుల్‌లో కలిపే ఉంటాయి కదా, తిరగబడితే అవి సరిగ్గా 11, 10 పిన్నుల మీదకొస్తాయి, అక్కడుండేది 9 వోల్టుల ఏసీ, రెండు కొసలూ షార్టే.

9600 మాట కూడా వట్టిదే. ఈ మిషన్‌లో సీరియల్ పని చేసేది వేరే చిప్ కాదు, 1 మెగాహెర్ట్జ్ ప్రాసెసరే ఒక్కో బిట్టూ లెక్కపెట్టుకుంటూ పంపుతుంది, 1200 దాకా హాయిగా నడుస్తుంది. 9600 కావాలంటే యూపీ9600 అనే వేరే వైరింగ్, దానికి తగ్గ డ్రైవర్ ఉన్న నోవాటర్మ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉండాలి, మూడు వైర్లతో అయ్యే పని కాదు.

డబ్బులు వాపస్ అడిగితే "మీ మిషన్ పాతది, దానంతటదే పోయుంటుంది" అన్నాడు. ఫోటోలు పంపాక జవాబే లేదు. లిస్టింగ్ మాత్రం ఇంకా అలాగే ఉంది, అందుకే ఇంత కోపంగా రాస్తున్నా.

కొనే ముందు మూత విప్పిన ఫోటో అడగండి, 16 కాళ్ళ చిప్, పక్కన చిన్న కెపాసిటర్లు కనిపించాలి, ఫోటో ఇవ్వనంటే వదిలేయండి. ఆల్రెడీ కొనేసుంటే మోడెమ్ కలపకుండా కేబుల్ ఒక్కటే పెట్టి ఆన్ చేసి, 25 పిన్నుల ప్లగ్గులో 2వ పిన్నుకీ (డేటా బయటికెళ్ళేది) 7వ పిన్నుకీ (గ్రౌండ్) మధ్య మల్టీమీటర్ పెట్టండి. మైనస్ 5 కంటే కిందకి చూపిస్తే కన్వర్టర్ ఉన్నట్టు, ప్లస్ 5 దగ్గర చూపిస్తే వెంటనే ఆపేసి పీకేయండి. మైనస్ వచ్చినవాళ్ళు 2నీ 3నీ (డేటా లోపలికొచ్చేది) ఒక చిన్న వైరుతో కలిపి 300 స్పీడ్‌లో టైప్ చేసి చూడండి, కొట్టిన అక్షరం తిరిగి స్క్రీన్ మీదకొస్తే కేబుల్ బాగున్నట్టే. తర్వాత మోడెమ్‌తో పెద్దక్షరాలు చిన్నక్షరాలు తారుమారైతే కంగారు పడకండి, టెర్మినల్‌లో ఆస్కీ (మామూలు కంప్యూటర్ల అక్షరాల కోడ్) మోడ్‌కి మార్చుకుంటే సరిపోతుంది.