మొదటి ఎండ్యూరెన్స్ రైడ్‌కు 40 కిలోమీటర్లా, 80 కిలోమీటర్లా?

ఎండ్యూరెన్స్ రైడ్ అంటే గుర్రం మీద చాలా దూరం సాగే స్వారీ పోటీ. ఈ క్రీడలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు 40 తేలిక, 80 కష్టం అన్నది ఎవరూ చెప్పనక్కర్లేని విషయంలా కనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే అంత సూటిగా లేదు. అమెరికన్ ఎండ్యూరెన్స్ రైడ్ కాన్ఫరెన్స్ అనే సంస్థ నియమాల ప్రకారం 25 మైళ్ళు, అంటే 40 కిలోమీటర్లకు గడువు 6 గంటలు. 50 మైళ్ళకు, అంటే 80 కిలోమీటర్లకు 12 గంటలు. గుర్రానికి పరీక్ష, విశ్రాంతి కోసం మధ్యలో తప్పనిసరిగా ఆగే సమయం కూడా ఇందులోదే. ఆ ఆగడం చిన్న రైడ్‌లో ముప్పావు గంట, పెద్దదాంట్లో గంటన్నర అనుకుందాం. అప్పుడు రెండింటికీ కావలసిన సగటు వేగం ఒకటే, గంటకు 7.6 కిలోమీటర్లు. గుర్రం మామూలు నడక గంటకు 6 కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది కాబట్టి నడకతోనే గట్టెక్కడం రెండింట్లోనూ కుదరదు. చదును నేల మీద కూడా కనీసం నాలుగో వంతు సమయం ట్రాట్ (నడక కన్నా వేగమైన, జాగింగ్ లాంటి నడక) చేయాల్సిందే.

కాబట్టి తేడా అంతా ఆ వేగాన్ని ఎన్ని గంటలు నిలబెట్టాలి అన్నదాంట్లో ఉంది.

గుర్రం చెమట మన చెమట కన్నా చాలా ఉప్పన. మంచి ఎండలో గంటకు 10 లీటర్లు దాటి కూడా కారుతుంది. నీటితో పాటే ఉప్పూ పోతుంది కనుక రక్తంలో ఉప్పు గాఢత పెద్దగా పెరగదు. అది పెరగకపోతే దాహం సరిగా వేయదు. ఒళ్ళంతా తడిసిన గుర్రం తొట్టి దగ్గర మూతి కూడా ముంచకుండా నిలబడితే దానికి నీళ్ళు అక్కర్లేదని కొత్తవాళ్ళు అనుకుంటారు. చాలాసార్లు అది తాగకపోవడానికి కారణం ఈ ఉప్పు లోటే. 40 కిలోమీటర్లలో ఈ లోటు బయటపడేలోపే రైడ్ ముగుస్తుంది. 80లో రెండో సగంలో అది తేలుతుంది. పేగుల చప్పుడు తగ్గుతుంది, మేత మీద ధ్యాస పోతుంది. కాల్షియం పడిపోతే గుండె కొట్టుకున్న ప్రతిసారీ డొక్క కూడా అదురుతుంది. అది కనిపించిందంటే వెట్ (పశువైద్యులు) ఆ గుర్రాన్ని ఆపేస్తారు, ఆపాలి కూడా.

అందుకే 80కి ఎలక్ట్రోలైట్లు (చెమటలో పోయిన లవణాలు) ఇవ్వడం వచ్చి ఉండాలి. గుర్రం తాగిన తర్వాతే ఇవ్వండి. తాగని గుర్రం నోట్లో చిక్కటి ఉప్పు ముద్ద పెడితే ఆ ఉప్పు ఒంట్లో మిగిలిన నీటిని పేగుల్లోకి లాగేసి పరిస్థితిని ఇంకా దిగజారుస్తుంది. ఈ అలవాటు ఇంటి దగ్గర సాధనలోనే చేయాలి.

ఇక 40లో ఉన్న ప్రమాదం వేరు. దూరం తక్కువ కదా అని జనం పరుగెత్తిస్తారు. గంటకు 16 కిలోమీటర్ల వేగంతో 40 చేసిన గుర్రం, 9 కిలోమీటర్ల వేగంతో 80 చేసిన గుర్రం కన్నా ఎక్కువ దెబ్బ తిని రావచ్చు. కాలి స్నాయువుల (కండను ఎముకకు కట్టి ఉంచే తాళ్ళ) మీద పడే బరువు వేగంతో పెరుగుతుంది, కుంటితనం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది.

ఒక నియమం మాత్రం కొత్తవాళ్ళకు మేలు చేస్తుంది. 40లో ముగింపు గీత దాటిన క్షణాన్ని లెక్కించరు. గుర్రం నాడి నిమిషానికి 60కి దిగినప్పుడే మీ రైడ్ ముగిసినట్టు. దిగడానికి ఉన్న వ్యవధి అరగంటే. క్యాంటర్ (ట్రాట్ కన్నా వేగమైన పరుగు) చేస్తూ వచ్చిన గుర్రం 20 నిమిషాలు తీసుకుంటే, చివరి కిలోమీటరు నడిపించుకొచ్చిన గుర్రం మూడు నాలుగు నిమిషాల్లో దిగిపోవచ్చు. చివర్లో మీరు దిగి, జీను పట్టీ ఒక రంధ్రం వదులు చేసి, పక్కన నడవండి. గీత దాటగానే మెడ మీద, ముందు కాళ్ళ మధ్య నీళ్ళు పోసి, వేడెక్కిన నీటిని గీకేసి మళ్ళీ పోయండి. చలిగాలి ఉన్న రోజు వెనక తొడల పెద్ద కండల మీద చన్నీళ్ళు వద్దు, పట్టేస్తాయి. 80లో గీత దాటిన సమయమే లెక్క, అయినా వెట్ పరీక్ష నెగ్గకపోతే పూర్తి చేసినట్టు కాదు.

వెట్ దగ్గర కొత్తవాళ్ళు తడబడేది ట్రాట్ చేసి చూపించేటప్పుడు. నాడి చూస్తారు, 125 అడుగులు, అంటే సుమారు 38 మీటర్లు, ట్రాట్‌లో పోయి రమ్మంటారు. బయల్దేరినప్పటి నుంచి నిమిషానికి మళ్ళీ నాడి చూస్తారు. అలసిన గుర్రానికి రెండో అంకె పెరుగుతుంది. పగ్గం వదులుగా పట్టుకుని పక్కన పరుగెత్తడం ముందే నేర్పండి. మీరు లాగితే తల ఒక పక్కకు తిరిగి, లేని కుంటితనం ఉన్నట్టు కనిపిస్తుంది.

అసలు జవాబు మీ కింద ఉన్న గుర్రాన్ని బట్టి మారుతుంది. అదే సంస్థ నియమాల్లో 40కి గుర్రం వయసు కనీసం నాలుగేళ్ళు, 80కి ఐదేళ్ళు. అది కనీసం మాత్రమే. గుండె, ఊపిరితిత్తులు కొన్ని నెలల్లో గట్టిపడతాయి. స్నాయువులకు, ఎముకలకు ఏడాది, రెండేళ్ళు పడుతుంది. మూడు నెలల సాధనతో ఉరకలేస్తున్న కుర్ర గుర్రం దుడుకును చూసి 80కి పేరు ఇవ్వకండి, కాళ్ళు ఇంకా సిద్ధంగా లేవు. గుర్రమూ కొత్తది, రౌతూ కొత్త అయితే 40 తప్ప మరోమాట వద్దు. గంటకు 8, 9 కిలోమీటర్లు చాలు. సాధనలో ఒకే వారం దూరాన్నీ వేగాన్నీ రెండింటినీ పెంచకండి.

ఎన్నో 80లు చేసిన, కాళ్ళు బాగున్న పెద్ద గుర్రాన్ని ఎవరైనా నమ్మి ఇస్తే, వాళ్ళూ పక్కన స్వారీ చేస్తే, నేరుగా 80 నెమ్మదిగా చేయడం తప్పు కాదు. అప్పుడు పరీక్ష మీ ఒంటికి. వరుసగా రెండు రోజులు మూడేసి గంటలు స్వారీ చేసి చూడండి. రెండో రోజు చివర్లో ఒక రికాబు మీదే బరువు వేస్తున్నారంటే 80కి ఇంకా సిద్ధంగా లేరు. ఆ వంకర కూర్చోవడం గుర్రం వీపు మీద నొప్పిగా దిగుతుంది.

లాడమా, గిట్టకు తొడిగే బూటా అన్నది రెంటికీ ఒకటే. బురదలో బూటు ఊడుతుంది, లోపల ఇసుక చేరితే మడమ ఒరుసుకుపోతుంది. ఏది వాడినా అదే తొడిగి ముందు చాలా దూరం తిరిగి ఉండాలి. లాడం అయితే రైడ్‌కు వారం, పది రోజుల ముందు కొట్టించండి.

40 పూర్తయిన మర్నాడు పొద్దున గుర్రాన్ని చేత్తో నడిపించి ట్రాట్ చేయించండి. మోకాళ్ళ కింద వాపు, వేడి లేకుండా, మేత మామూలుగా తింటూ ఉంటే ఇంకో రెండు మూడు 40లు చేయించి, ఆ తర్వాత 80కి పేరు ఇవ్వండి.