నాయన అడుగులు నా ఫోన్‌లో: ఐఫోన్ హెల్త్ షేరింగ్ చాలాకాలం వాడాక

మా నాయన అనంతపురంలో, నేను కర్నూలులో. నా పాత ఐఫోన్ ఆయన చేతికి పోయినప్పటి నుంచి హెల్త్ యాప్‌లో షేరింగ్ పెట్టుకున్నాం, అంటే ఒకరి ఆరోగ్య లెక్కలు ఇంకొకరి ఫోన్‌లో కనిపిస్తాయి. 2021లో ఐఓఎస్ 15తో వచ్చింది ఇది. వాచీ లేకున్నా ఫోనే అడుగులు లెక్కేస్తుంది. ఏది చూపించాలి, ఏది దాచుకోవాలి అన్నది ఎవరిష్టం వాళ్లది. ఇద్దరి దగ్గరా ఐఫోనే ఉండాలి కాబట్టి ఆండ్రాయిడ్ వాడే మా అమ్మ ఈ లెక్కల్లో లేదు. ఆమెకు ఆ బాధా లేదు.

నాకు అడుగుల అంకె కంటే 'వాకింగ్ స్టెడీనెస్' (నడకలో నిలకడ) ఎక్కువ పనికొచ్చింది. నడక వేగం, అడుగు పొడవు, రెండు పాదాలూ నేల మీద ఆనే సమయం, రెండు కాళ్ల నడకలో తేడా చూసి పడిపోయే ముప్పును అంచనా వేస్తుంది. ఐఫోన్ 8, ఆపై మోడళ్లలో ఉంటుంది. అయితే ఫోన్ నడుము దగ్గర ఉండాలి. మా నాయనేమో పంచె కట్టి, ఫోన్ చొక్కా పైజేబులో పెడతాడు. చాలా రోజులు ఆ గడి ఖాళీనే. పంచె లోపలి చారల డ్రాయరు జేబులోకి ఫోన్ మారినాకే 'ఓకే' అని కనిపించింది.

ఫోన్ చార్జింగుకు పెట్టి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు పోయిన రోజు అడుగులు ఉండవు. కంగారుగా ఫోన్ చేస్తే, "ఏమిరా, నేను నడిస్తే నడిచినట్లా, అది నడిస్తే నడిచినట్లా?" అంటాడు.

ఇంకో తంటా రోజుకు పదివేల అడుగుల పట్టింపు. మే నెల ఎండల్లో కూడా లెక్క పూర్తి చేయాలని సాయంత్రం మళ్లీ క్లాక్ టవర్ దాకా బయల్దేరేవాడు. ఆ అంకె 1965లో జపాన్‌లో అడుగుల మీటరు అమ్మడానికి పెట్టిన పేరు నుంచి వచ్చిందని చెప్పినాకే తగ్గినాడు.

నా వాచీలోని నిద్ర లెక్క కూడా ఆయనకు చూపించేవాణ్ణి. తెల్లారి ఆరుకే ఫోన్: "నాలుగ్గంటలే పండుకున్న్యావంట, ఏమైంది?" కోడలి మీదికి కూడా పోయింది మాట. దాంతో నిద్ర లెక్క చూపించడం ఆపేసినా. ఇంటర్ చదివే మా పాప మొదటి రోజే అడుగులు ఒక్కటే ఆన్ చేసి, తాతతో పందెం వేసుకుంటోంది. పెద్దవాళ్లతో పెట్టుకోవాలనుకుంటే అడుగులు, స్టెడీనెస్‌తో మొదలుపెట్టండి, ఫోన్ ఏ జేబులో ఉంటుందో ముందే చూసుకోండి.