బి.డి. చదివి పన్నెండేళ్లయ్యాక

"అయ్యగారూ, నన్ను కూడా బి.డి. చదవమంటారా?" అని మా సంఘంలో డిగ్రీ చదువుతున్న కుర్రాళ్లు ఏటా ఒకరిద్దరు అడుగుతుంటారు. బి.డి. అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, కాపరులు (పాస్టర్లు) అయ్యేవాళ్లు చదివే క్రైస్తవ వేదాంత డిగ్రీ. ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను తెలుగు మీడియంలో బి.ఏ. చేసి, 2009లో హైదరాబాదులోని ఒక సెమినరీలో, అంటే వేదాంత కళాశాలలో, చేరాను. 2013లో బి.డి. పూర్తయింది. అప్పటి నుంచి ప్రకాశం జిల్లాలో కాపరిగా ఉన్నాను. డిగ్రీ ఇచ్చింది బెంగాల్‌లోని సెరాంపూర్ కాలేజీ సెనేట్. మిషనరీలు విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ కలిసి 1818లో పెట్టిన కాలేజీ అది. 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో దానికి డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. దేశంలో ఎక్కడెక్కడో ఉన్న సెమినరీల పిల్లలు దాని సిలబస్ చదివి, దాని పరీక్షలే రాస్తారు. మిజోరాంలో కూర్చున్న అబ్బాయి, కేరళలో కూర్చున్న అమ్మాయి, నేను ఒకే ప్రశ్నలకు జవాబు రాస్తున్నామన్న సంగతి అప్పట్లో నాకు చాలా గొప్పగా ఉండేది.

నా మాట ముందే చెప్పేస్తాను. మళ్లీ చదవాల్సి వస్తే ఇదే చదువుతాను. కానీ అక్కడ నేర్చుకున్నదాన్ని మన ఇంటికి, మన సంఘానికి ఎలా తీసుకెళ్లాలో ఆ నాలుగేళ్లలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ లోటు వల్ల మా నాన్న మనసు కష్టపెట్టాను.

మొదటి ఏడాది సెలవులకు ఇంటికొచ్చాను. మా ఊరి చర్చిలో బలిపీఠం వెనక గోడ మీద పెద్ద నీలం అక్షరాలతో ఒక వాక్యం ఉంటుంది: "మీరు సర్వలోకమునకు వెళ్లి సర్వసృష్టికి సువార్తను ప్రకటించుడి." మార్కు 16:15. నేను అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నది ఆ గోడ మీదే. సెమినరీలో ఏం చెప్పారంటే, బైబిల్‌కు నాలుగో శతాబ్దపు రెండు ప్రాచీన చేతిరాత ప్రతుల్లో, అంటే వాటికనస్, సినాయిటికస్ ప్రతుల్లో, మార్కు సువార్త 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది. 9 నుంచి 20 వరకు ఉన్న భాగం తర్వాత చేరిందని ఎక్కువమంది పండితులు అంటారు. నేను ఆ మాటను అన్నం తింటూ మా నాన్నతో అనేశాను. కొత్తగా తెలుసుకున్న సంతోషం తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అంటే గోడ మీద అబద్ధం రాసుకున్నామా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ సెలవులు ముగిసేదాకా ఆయన నాతో వాక్యం గురించి మాట్లాడలేదు.

జవాబు ఉంది. అది నాకు మూడో ఏడాదిలో, సంఘ చరిత్ర క్లాసులో దొరికింది. ఐరేనియస్ అనే సంఘ పితరుడు, అంటే తొలినాళ్ల క్రైస్తవ బోధకుడు, క్రీ.శ. 180 ప్రాంతంలోనే మార్కు 16:19ని మార్కు మాటగానే ఎత్తి రాశాడు. అంటే ఎవరు రాసినా, ఎప్పుడు చేర్చినా, సంఘం ఆ మాటలను రెండో శతాబ్దం నుంచి చదువుకుంటూ, వాటి ప్రకారం నడుస్తూ వచ్చింది. ఈ రెండు సంగతులూ ఒకే రోజు చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ప్రతుల సంగతి ఒక మాస్టారు చెప్పి వెళ్లిపోయారు, సంఘం సంగతి రెండేళ్ల తర్వాత ఇంకొకరు చెప్పారు. మధ్యలో ఇద్దరు ముగ్గురు స్నేహితులు విశ్వాసమే సడలి, ప్రార్థనకు రావడం మానేశారు. బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాలైన పంచకాండాల వెనుక నాలుగు మూలాలున్నాయన్న క్లాసు అయ్యాక ఒక తమ్ముడు రాత్రంతా మేడ మీద కూర్చున్నాడు. ఆ వయసు పిల్లలకు చదువుతో పాటు పక్కన కూర్చునే పెద్దవాళ్లు కూడా కావాలి. సెమినరీలో చేరేవాళ్లకు నేను చెప్పే మొదటి జాగ్రత్త ఇదే: సందేహం వచ్చినప్పుడు తలుపు తట్టగలిగిన ఒక మాస్టారిని మొదటి నెలలోనే చూసుకోండి.

ఇక నాకు ప్రతివారం పనికొస్తున్నది హీబ్రూ, గ్రీకు. వచ్చింది కొంచెమే. ఇప్పటికీ నిఘంటువు పక్కన లేకుండా పేజీ చదవలేను. అయినా ఆ కొంచెమే నా ప్రసంగాన్ని మార్చేసింది. 23వ కీర్తనలో "కృపాక్షేమములే నా వెంట వచ్చును" అని మనందరికీ కంఠస్థం. హీబ్రూలో అక్కడున్న క్రియ 'రాదఫ్'. నిర్గమకాండం 14లో ఐగుప్తు రాజు ఫరో సైన్యం ఇశ్రాయేలీయుల్ని తరిమినప్పుడు వాడినదీ ఆ క్రియే. కృప మన వెనకాల నెమ్మదిగా నడిచి రావడం లేదు, వెంటపడి వస్తోంది. మా ఊళ్లో పొలం పనికి వెళ్లి పాము కరిచి చనిపోయిన ఒక తమ్ముడి భూస్థాపన కూడికలో ఈ సంగతి చెప్పాను. వాళ్లమ్మ ఆ తర్వాత ఎన్నో నెలలు నన్ను చూసినప్పుడల్లా "అయ్యగారూ, వెంటపడతాదన్నారు కదా" అని అడిగేది. అవునమ్మా అని చెప్పేవాడిని.

అదే భాష నా నోటికి కళ్లెం కూడా వేసింది. యోహాను 21లో ప్రభువు పేతురును "నన్ను ప్రేమిస్తున్నావా" అని మూడుసార్లు అడిగిన ప్రశ్న మీద మనవాళ్లు తరచు చెప్పే ప్రసంగం ఉంది: ప్రేమించడానికి గ్రీకులో మొదటి రెండుసార్లు 'అగపావో', మూడోసారి 'ఫిలేయో' అనే క్రియ ఉంది, ఒకటి దైవప్రేమ, రెండోది స్నేహప్రేమ అని. చేరకముందు నేనూ అలాగే చెప్పేవాడిని. కానీ అదే యోహాను, తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడని 3:35లో మొదటి క్రియతో, 5:20లో రెండో క్రియతో రాశాడు. తండ్రి ప్రేమ రెండు చోట్లా ఒకటే కదా! గ్రీకు చదివాక, "మూలభాషలో ఇలా ఉంది" అని మైకులో అనడానికి ముందు రెండుసార్లు ఆలోచిస్తున్నాను. ఈ ఒక్క అలవాటు కోసమైనా నాలుగేళ్లు పెట్టొచ్చని నా నమ్మకం.

చదువంతా ఇంగ్లీషులో ఉండటం పెద్ద కష్టం. మొదటి ఏడాది పరీక్షల టెన్షన్‌కు నేను నాలుగు కిలోలు తగ్గాను. దానికంటే పెద్ద కష్టం బయటికి వచ్చాక తెలిసింది. జస్టిఫికేషన్, అంటే దేవుడు మనిషిని నీతిమంతుడిగా ఎంచడం, గురించి ఇంగ్లీషులో పది పేజీలు రాసినవాడిని, "నీతిమంతులుగా తీర్చబడుట" అంటే ఏమిటని చదువురాని అవ్వ అడిగితే తడబడ్డాను. మన బైబిల్ తెలుగు వేరు, మన ఇంటి తెలుగు వేరు. "మీకు సమాధానము కలుగును గాక" అంటే శాంతి కలగాలని. కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం ప్రశ్నకు జవాబు దొరకాలన్న దీవెన అనుకుంటారు. ఇలాంటి మాటల పట్టిక ఒకటి నాకోసం నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను, ఇప్పుడు మూడో పుస్తకం నడుస్తోంది. ఈ పని సెమినరీలోనే ఒక పేపరుగా ఉంటే బాగుండేది.

సంఘ చరిత్ర గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మా నాయనమ్మ చెప్పేది. ఆ అంకె మా వైపు పిల్లలకు కూడా తెలుసు. క్లాసులో దాని చుట్టూ ఉన్న కథ తెలిసింది. 1876 నుంచి 78 వరకు ఘోరమైన కరువు. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. కూడు కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. అంతకుముందే తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఊరూరా తిరిగి సువార్త చెప్పాడు. మా నాయనమ్మ కథలో క్లౌ దొర ఒక్కడే ఉండేవాడు. పేరయ్య పేరు నాకు సెమినరీ లైబ్రరీలో దొరికింది. ఆ రోజు ఆ పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

దళిత వేదాంతం పేపరు కూడా నాకు అలాగే తగిలింది. బైబిల్‌ను దళితుల బతుకు వైపు నుంచి చదివే ఆ ఆలోచనను 1980ల మొదట్లో వేదాంత పండితుడు అరవింద్ నిర్మల్ మొదలుపెట్టాడు. ద్వితీయోపదేశకాండం 26లో "నశించుచున్న అరామీదేశస్థుడు" అని ఇశ్రాయేలీయుడు తన పూర్వికుణ్ణి గుర్తుచేసుకునే మాటను ఆయన దళితుల చరిత్ర పక్కన పెట్టి చదివాడు. మా తాతలు చెప్పులు కుట్టారని హాస్టల్లో ఎవరికీ చెప్పని నేను, ఆ సెమినార్ పేపరులో మొదటి వాక్యంగా అదే రాశాను.

కౌన్సెలింగ్ క్లాసులో ఆసుపత్రికి పంపి, రోగితో జరిగిన సంభాషణను మాట మాటా గుర్తుచేసుకుని రాసుకురమ్మనేవారు. వెర్బేటిమ్ అంటారు దాన్ని. నా మొదటి కాగితంలో ఇరవై వరుసలుంటే రోగి మాటలు మూడు వరుసలే. మిగిలినవన్నీ నావే! మాస్టారు ఏమీ అనకుండా ఆ మూడు వరుసల కింద ఎర్ర గీతలు గీసి ఇచ్చారు. ఇవాళ్టికీ మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆ ఎర్ర గీతలు కళ్లముందుకొస్తాయి.

కాపరికి రోజూ తగిలే కాగితాల పని మాత్రం అసలు నేర్పలేదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి జరిపించడానికి మాలాంటి కాపరులకు లైసెన్సు కావాలని, నోటీసు, రిజిస్టరు ఎలా రాయాలో నేను పెళ్లి పీటల మీద జంటను కూర్చోబెట్టే నాటికి సరిగ్గా తెలుసుకోలేదు. పెద్ద పాస్టరుగారు పక్కన ఉండి సంతకం పెట్టారు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత కూడా రిజిస్టరులో నేను తండ్రి పేరు తప్పు రాయడం వల్ల, గల్ఫ్ వెళ్లాల్సిన ఒక అబ్బాయి భార్య వీసాకు ఆరు నెలలు ఆలస్యమైంది. ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పుకున్నాను. సంఘం స్థలం పత్రాలు, ఆడిట్ లెక్కలు అన్నీ ఇలా తప్పులు చేసే నేర్చుకున్నాను.

ఎవరు చేరాలి అంటే, కనీసం ఒక ఏడాది ఏదో ఒక సంఘంలో పిల్లల పరిచర్యో, ఇళ్ల దర్శనమో చేసినవాళ్లు చేరితే క్లాసులో చెప్పేది ఎక్కడ అతుకుతుందో తెలుస్తుంది. నేరుగా కాలేజీ నుంచి వచ్చిన మాకు ఆ అతుకు కనబడడానికి చాలా కాలం పట్టింది. మార్కుల కోసమో, ఉద్యోగం కోసమో అయితే వద్దు. చేరేముందు డిగ్రీ ఎవరిస్తారో, దాన్ని మీ సంఘ పెద్దలు ఒప్పుకుంటారో లేదో తప్పకుండా అడిగి తెలుసుకోండి.

రెండేళ్ల కిందట మా ఊరి చర్చికి మళ్లీ రంగులు వేయించారు. పెయింటరు గోడ మీద ఏం రాయమంటారని అడిగితే నాన్న నా వైపు చూశారు. నేను మార్కు 16:15ను కాగితం మీద తప్పుల్లేకుండా రాసి ఇచ్చాను. ఐరేనియస్ కథ నాన్నకు అప్పటికే చెప్పి ఉన్నాను.

ఈ ఏడాది అడిగిన కుర్రాడు ఇప్పుడు ఆదివారాలు నాతో పాటు రెండో ఊరికి వస్తున్నాడు. దారిలో బండి మీద గ్రీకు అక్షరాలు వల్లె వేస్తాడు. ప్రస్తుతానికి 'లాంబ్డా' దాకా వచ్చాడు.