"రెండు పూతలు (కోట్లు) వేస్తా" అన్న మాట నమ్మి పెయింటర్‌కి అడ్వాన్స్ ఇచ్చేస్తున్నారా? ఆగండి

"లప్పం (గోడని నున్నగా చేసే పుట్టీ), ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత), రెండు కోట్లు, అన్నీ కలిపి చదరపు అడుగుకి ఇంత" అని ఒక్క ముక్కలో తేల్చేసే పెయింటర్‌తో జాగ్రత్త. కొత్త రంగు కింద ఏముందో ఎవరికీ కనపడదు. ఎగ్గొట్టేదంతా అక్కడే. గోడ పెచ్చులూడేసరికి ఆయన ఫోన్ ఎత్తడు.

ఎక్కువగా మాయమయ్యేది ప్రైమర్. లేదంటే దాన్నే మొదటి కోటుగా లెక్కగట్టి, పైన రంగు ఒక్కసారే పూస్తారు. ఒప్పందంలో "ప్రైమర్ ఒకటి, దానిపైన రంగు రెండు కోట్లు" అని విడివిడిగా రాయించండి. ఆ తర్వాతి మోసం నీళ్లు. ఎంత కలపాలో డబ్బా మీదే ఉంటుంది. అంతకు మించి పోస్తే రోలర్ సులువుగా జారుతుంది, డబ్బాలూ మిగులుతాయి. కానీ రంగుని గోడకు పట్టి ఉంచే జిగురు పలచబడి, తడిగుడ్డతో తుడిస్తే రంగు గుడ్డకు అంటుకొస్తుంది.

అందుకే లీటర్ల లెక్క ముందే మీరు వేసుకోండి. 12×10 అడుగుల గది, ఎత్తు 10 అడుగులు అయితే నాలుగు గోడలు 440, సీలింగ్ 120. తలుపు, కిటికీ తీసేస్తే సుమారు 520 చదరపు అడుగులు. నున్నటి గోడ మీద లీటరు ఎమల్షన్ (గోడలకి వేసే, నీళ్లు కలిపే రంగు) రెండు కోట్లకి ఎన్ని చదరపు అడుగులు వస్తుందో డబ్బా మీద చూడండి. 520ని ఆ అంకెతో భాగిస్తే ఎన్ని లీటర్లు పట్టాలో తేలుతుంది. అందులో సగంతోనే ముగించాడంటే రెండో కోటు పడలేదు, లేదా నీళ్లు పడ్డాయి. సీలు మీ ఎదుటే తీయమనండి, ఖాళీ డబ్బాలు పారేయనివ్వకండి.

పాత గోడని అరచేత్తో గట్టిగా రుద్దండి. పొడి అంటితే గీకి, కడిగి తీరాలి. లేకపోతే కొత్త రంగు గోడకి కాదు, ఆ పొడికి అంటుకుంటుంది. ఆయిల్ పెయింట్ ఉంటే మెరుపు పోయేదాకా ఎమరీ పేపర్ పట్టాలి. పాత ఇళ్ల రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా గీకనివ్వకండి, తడిపి గీకించండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

చెమ్మ ఉందని అనుమానం వస్తే రెండడుగుల పాలిథిన్ షీటుని నాలుగు అంచులా టేపుతో గోడకి బిగించి ఒక రోజు వదిలేయండి. గోడవైపు నీటి చుక్కలు పడితే ముందు లీకేజీ సంగతి చూడాలి. "వాటర్‌ప్రూఫ్ లప్పం పెడతా సార్" అన్నది మందు కాదు, ముసుగు. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆరాలి.

లప్పం రెండు పలచటి పొరలుగా పెట్టాలి, మొత్తం మందం ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే పగుళ్లిస్తుంది. లోతు గుంతలకి ముందు సిమెంటే. సాండింగ్ (ఎమరీ పేపర్‌తో రుద్ది నున్నచేయడం) అయ్యాక రాత్రిపూట గోడ పక్కనుంచి టార్చ్ వేసి చూడండి, ఎగుడుదిగుళ్లన్నీ నీడలుగా తేలతాయి. రంగు పడ్డాక చూపిస్తే "గోడే అలా ఉంది సార్" అంటారు.

డబ్బు కూడా ఈ దశల ప్రకారమే ఇవ్వండి: సాండింగ్ చూశాక కొంత, ప్రైమర్ చూశాక కొంత. చివరి భాగం రంగు పూర్తిగా ఆరి, పగటి వెలుతురులో గోడలు చూశాకే.

నిజానికి గోడ గట్టిగా, పొడిగా ఉండి, ఒక్క గదికి రంగు మార్చడమే అయితే పెయింటర్ అక్కర్లేదు. రోలర్, మూలలకి బ్రష్, టేపు, కోటుకీ కోటుకీ మధ్య నాలుగు గంటల ఓపిక చాలు. ఎత్తైన బయటి గోడలు, మెట్ల పైభాగం మాత్రం మీరు ఎక్కకండి.