షిక్ బొమ్మల ప్రదర్శన: ఏళ్ల వారీగానా, హక్కుల వారీగానా?

పోలండ్ యూదు చిత్రకారుడు ఆర్థర్ షిక్ (1894–1951) బొమ్మలతో మానవ హక్కుల ప్రదర్శన పెట్టాలనుకోగానే ముందుగా వచ్చే ప్రశ్న ఇదే: గోడల మీద వరస ఎలా ఉండాలి?

ఏళ్ల వారీగా పెడితే చూసేవాళ్లకు తికమక ఉండదు. వూచ్ నగరంలో పుట్టుక, 1264లో పోలండ్‌లో యూదులకు రక్షణ ఇచ్చిన కలిష్ శాసనానికి 1920ల్లో గీసిన పేజీలు, హగ్గదా (యూదులు పాస్ఓవర్ పండగ రాత్రి చదువుకునే పుస్తకం), 1940లో అమెరికా చేరాక హిట్లర్ మీద కార్టూన్లు... కథ దానంతటదే నడుస్తుంది. చిక్కల్లా చివరి గదిలో. హిట్లర్ పోయాడు కాబట్టి హక్కుల గొడవా తీరిపోయిందన్నట్టు జనం బయటికి నడుస్తారు. హక్కుల వారీగా పెడితే కలిష్ పేజీ పక్కనే అమెరికాలో నల్లవాళ్ల మీద దాడులు చేసిన జాత్యహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్ మీద గీసిన బొమ్మ వస్తుంది. ఆ రెండూ ఎదురెదురుగా మాట్లాడుకుంటాయి.

అయినా అసలు తేల్చేది భావం కాదు, వెలుతురు. ఇవన్నీ కాగితం మీద నీటిరంగులు, సిరా; వెలుతురుకు వెలిసిపోతాయి. వెలుతురు 50 లక్స్ (కాంతిని కొలిచే ప్రమాణం) దాటకూడదు. అంతర్జాతీయ కాంతి సంఘం (సీఐఈ) లెక్కన ఇలాంటివాటికి ఏడాదికి 1,50,000 లక్స్-గంటలు పరిమితి. న్యూస్‌ప్రింట్‌కు 15,000 మాత్రమే. 50 లక్స్ వెలుతురులో రోజుకు 8 గంటలు తెరిస్తే 50 × 8 = 400 లక్స్-గంటలు ఖర్చు, అంటే కార్టూన్ అచ్చయిన అసలు పత్రిక 37 రోజులకే కోటా తినేస్తుంది. అక్కడ నకలు పెట్టేయండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. అసలు బొమ్మల్ని కూడా అరువిచ్చిన మ్యూజియాలు మామూలుగా మూడు నాలుగు నెలలకే దించమంటాయి. ఏళ్ల వరసలో 1943 నాటి ముఖ్యమైన బొమ్మ దిగితే కథలో బొక్క పడుతుంది. హక్కుల వరసలో అదే విషయం మీద ఇంకోటి ఎక్కించవచ్చు. అందుకే నా ఓటు దీనికే.

ఒక్క ప్రమాదం ఉంది. విశ్వ మానవ హక్కుల ప్రకటన వచ్చింది 1948 డిసెంబరు 10న. దాని అధికరణం కింద 1943 బొమ్మ తగిలిస్తే, అది చూసి గీశాడనుకుంటారు. లేబుల్ మీద అధికరణం సంఖ్య కన్నా బొమ్మ సంవత్సరం పెద్ద అక్షరాల్లో ఉండాలి.

కలిష్, హగ్గదా పేజీల్లో గీత వెంట్రుకంత సన్నం. 30–40 సెంటీమీటర్ల దగ్గరికి వస్తేగానీ కనపడదు. గోడకు ఎత్తుగా కొట్టకుండా ఏటవాలు గాజుపెట్టెలో పెట్టి, పెట్టెకూ పెట్టెకూ మధ్య చక్రాల కుర్చీ తిరిగేంత చోటు వదలండి.

అంతా టచ్‌స్క్రీన్ మీదే చూపించడమంటారా? పేజీలు తిప్పడానికి ఒకటి చాలు.